బోలు స్తంభాలూ, చక్రవర్తుల తలలూ

నాకు అరబ్బీ చదవడం వచ్చు, అర్థం చేసుకోవడం రాదు. ఇందులో మొదటి సగాన్ని సౌదీలో ఇరవై ఎనిమిదేళ్ళు అందరికీ చాటుకున్నాను. రెండో సగాన్ని మింగేశాను. నా మూర్ఖత్వమంతా ఆ మింగిన సగంలోనే ఉంది. దానివల్ల నాకు పని నేర్పిన మనిషికి పని లేకుండా పోయింది. రోమన్ స్తంభాలు పోయడం గురించి, తలలు చెక్కడం గురించి నాలుగు మాటలు రాయమని అడిగిన తమ్ముళ్ళకు ముందు ఈ సంగతి చెప్పకపోతే, ఆ తర్వాత నేను చెప్పేదంతా పైపూతే అవుతుంది.

మాది కర్నూలు వైపు బేతంచెర్ల. దూదేకులోళ్ళం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. చిన్నప్పుడు మసీదులో ఖురాన్ ఓదడం నేర్పించారు. అక్షరం కనబడితే చాలు, తడుముకోకుండా రాగంతో సహా చదివేస్తాను. దమ్మామ్ ఫ్యాక్టరీలో చేరిన మొదటి నెలలోనే గోడమీద అంటించిన నోటీసు చూసి ఎవరో "ఏం రాసిండ్రు?" అన్నారు. గడగడా చదివాను. చుట్టూ ఉన్న తెలుగువాళ్ళు నోరెళ్ళబెట్టారు. "అంటే?" అన్నాడొకడు. కింద తేదీలు కనబడ్డాయి, పండగ దగ్గరలో ఉంది. "సెలవులు" అన్నాను. నిజంగానే సెలవుల నోటీసు.

ఆ రోజునుంచి నేను మున్షీనయ్యాను. అల్ అజీజియాలోని మా గదికి కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. ముద్ర చూసి, అంకెలు చూసి, తెచ్చినవాడి ముఖం చూసి అర్థం చెప్పేవాణ్ణి. పదిలో ఎనిమిది సరిపోయేవి. మిగతా రెండు ఏమయ్యాయో అడిగే ధైర్యం నాకెప్పుడూ రాలేదు.

నీడ, అచ్చు

మా ఫ్యాక్టరీలో రోమన్ గుళ్ళు తయారయ్యేవి. పూజలకు కాదు, పెళ్ళిళ్ళకు. పెళ్ళి హాళ్ళకు, విల్లాలకు, ఊరి బయట కుటుంబాలు ఒక పూట గడపడానికి అద్దెకు తీసుకునే ఇస్తిరాహాలకు ముందు వైపు పాతకాలపు రోమన్ గుడి ముఖం కావాలి. వాటికి కావలసిన స్తంభాలు, వాటి నెత్తిన ఆకుల గుత్తులు, ఆ పైన పెద్ద త్రికోణం మేం చేసిచ్చేవాళ్ళం. రోమ్‌ను నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలిసిన రోమాలు ఒంటిమీదవే, అవీ సిమెంటు దుమ్ముకు ముప్పై ఏళ్ళకే తెల్లబడ్డాయి.

ముందు బంకమట్టితో నమూనా చేస్తాం. దానిమీద రబ్బరు అచ్చు తీస్తాం. అచ్చులోకి సిమెంటు, ఇసుక, గాజుపీచు కలిపిన ముద్దను గొట్టంతో చిమ్ముతాం. ఆరాక ఊడదీస్తే బొటనవేలంత మందం పెంకు వస్తుంది. అలాంటి పెంకులు రెండు ఇనుప దూలానికి చెరోవైపూ తొడిగితే స్తంభం. చూసేవాళ్ళకు అది కొండను మోస్తున్నట్టు ఉంటుంది. నిజానికి దాన్నే ఎవరో మోస్తుంటారు. వేలితో తట్టి చూస్తే డబ్బా చప్పుడు. కొత్తగా చేరినవాళ్ళు ఆ చప్పుడుకు నవ్వుతారు. కొన్నేళ్ళయ్యాక ఇక తట్టరు.

నాకు పని నేర్పినవాడు వర్క్‌షాపు ఫోర్‌మన్ నర్సింహాచారి. కరీంనగర్ వైపు చెక్కపని చేసే ఇంటివాడు. మేం చారన్న అనేవాళ్ళం. మొదటిరోజు నా చేతికి మట్టిముద్ద, ఒక ఫోటో ఇచ్చి, స్తంభం నెత్తిన ఉండే ముళ్ళాకు చెయ్యమన్నాడు. గంట కష్టపడి చేసి చూపించాను. ఆయన దాన్ని పైకెత్తి, అటూ ఇటూ తిప్పి, పక్కన పెట్టాడు.

"ఇది ఆకు గాదుర తమ్మీ, అప్పడం. నూనెల ఏస్తె పొంగుతది."

"ఫోటోలో అట్లనే ఉండాదన్నా."

"ఫోటోల నీడ సూసినవా? ఆకు కొస ముంగటికి వాలాలె, దాని కింద నీడ పడాలె. ఎండల నిలవడ్డోనికి నీడనే కనవడ్తది గని ఆకు గాదు."

మర్నాడు బాగా వంచి చేశాను. ఈసారి రబ్బరు అచ్చు ఆకులో ఇరుక్కుని, లాగితే రెండూ చిరిగాయి. ఆయన కోప్పడలేదు. "మరీ వంచినవనుకో అచ్చు ఇడువది. తక్కువ వంచితె నీడ రాదు. ఈ రెండిట్ల నడుమ బతకాలె మనం" అన్నాడు. ఆ పనిలో నేర్చుకోవలసింది అంతే, మిగతాది చెయ్యి అలవాటు. ఆ నడుమ చోటు దొరకడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

ఆయన దగ్గర అట్టలూడిన బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది. మధ్యాహ్నం తిన్నాక దాన్ని తెరిచి మాకు రోమన్ గుడి చూపించేవాడు. "ఎత్తు అరుగు జూసినవా? మెట్లు ముంగటనే. నిలువు స్తంభాలు ముంగటనే. పక్కలకొచ్చేసరికి సగం స్తంభాలు గోడకు అతికిచ్చిండ్రు. ఎనకకు పోతె ఉత్త గోడ. అంత సోకు ఎదురుంగ వచ్చెటోనికే" అని ఒక్క క్షణం ఆగి, "మన కంపెనీ ఆఫీసు లెక్క" అనేవాడు. ఆఫీసు ముందు గదిలో పాలరాయి, వెనక మా వర్క్‌షాపులో రేకుల కప్పు.

ముఖాలు వచ్చిన కాలం

మొదటి ఇరవై ఏళ్ళు మేం ఆకులు, పూలు, గీతలే చేశాం. మనిషి ముఖం ఎవరూ అడిగేవాళ్ళు కాదు, అడిగినా ముదీర్, అంటే మేనేజరు, ఒప్పుకునేవాడు కాదు. నాకది హాయిగానే ఉండేది. మా మతంలో తప్పు, ముఖాలు చెయ్యొద్దని మా అమ్మ మాట తీసుకుని పంపింది. చారన్నకు మాత్రం లోపల కాలిపోయేది. మట్టి మిగిలితే చాలు ఎవరిదో ఒక ముఖం చేసేవాడు, పని గంట మోగేలోపు చేత్తో నలిపేసేవాడు. చూసి చూసి నేనూ చాటుగా చేసి నలిపేయడం మొదలుపెట్టాను. అమ్మకు చెప్పలేదు.

ఈమధ్య కాలం మారింది. ఖోబర్ దాటాక సముద్రం పక్కన పెళ్ళి హాలు కడుతున్న యజమాని ఒకాయన ఎక్కడో మ్యూజియంలో తీసిన రోమన్ చక్రవర్తి ఫోటో తెచ్చి, నిలువెత్తు విగ్రహం చెయ్యమన్నాడు. హాలు ముందు మెట్ల పక్కన, నేలమీద నిలబెట్టాలి. చారన్నకు అప్పటికి యాభై ఎనిమిది. మనిషి వయసు పదేళ్ళు తగ్గింది.

"ఒళ్ళు అచ్చుల పోద్దాం. నెత్తి మాత్రం రాయిల చెక్కుత" అన్నాడు.

"రెండు రకాలెందుకన్నా?"

"రోమోళ్ళు గూడ గట్లనే జేసిండ్రు. ఒళ్ళు ఏరె, నెత్తి ఏరె. మెడ కాడ గుంత పెట్టి కూసోవెడ్తరు. రాజు మారిండనుకో, ఒళ్ళు గదే, నెత్తి మారుస్తరు."

"మనకు వీసా ఇచ్చే కఫీల్ మారినట్ట."

"మనకు నెత్తి గూడ మారదు" అని నవ్వాడు.

తెల్లటి మెత్తరాయి తెప్పించుకుని నెలన్నర చెక్కాడు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా దగ్గేవాడు. తల పూర్తయిన రోజు మేమంతా చేతులు కడుక్కుని వెళ్ళి చూశాం. ఎవరూ కడుక్కోమనలేదు.

అదే నెలలో ఆయనకు సౌదీలోనే దక్షిణాన ఉన్న జిజాన్ నుంచి కబురొచ్చింది. అక్కడ కొత్తగా పెడుతున్న రాతిపని వర్క్‌షాపుకు ఉస్తాద్‌గా, కొత్తవాళ్ళకు పని నేర్పడానికి రమ్మన్నారు. ఇరవై నాలుగు గంటలూ ఎవరో ఒకరికి చెక్కడం నేర్పుతూ ఉండే మనిషికి అంతకన్నా ఏం కావాలి? మా కంపెనీ విడుదల కాగితం ఇవ్వాలి, ఆయన మీద ఫిర్యాదులేమీ ఉండకూడదు. షరతు అదొక్కటే. "యాభై ఎనిమిదేండ్లోన్ని ఎవడు పిలుస్తడు మస్తానూ? ఇది పోతె ఇగ ఇంటికే" అన్నాడు. ఇంటికెళ్తే ఆయనకు పనిలేదు. అన్నదమ్ముల పిల్లలు మెషీన్ మీద తలుపులు కోస్తున్నారు.

కొస మీద మనిషి

మా ప్రాజెక్టు మేనేజర్ మూర్తిగారు. తెనాలి వైపు మనిషి. చెడ్డవాడని నేననను. పండక్కి అందరికీ స్వీట్లు పంపేవాడు, పేరుపెట్టి పలకరించేవాడు. పైవాళ్ళు ఏదైనా అడిగితే కాదనడం మాత్రం ఆయన ఒంట్లో లేదు. ఒకరోజు సైట్‌కు వచ్చి తల పైకెత్తి చూశాడు.

"చారిగారూ, ఓనరుగారు బొమ్మ రోడ్డు మీదకి కనపడాలంటున్నాడండీ. పైన త్రికోణం కొస మీద పెట్టేద్దాం."

"పైనకా? సార్, ఒళ్ళు పెంకు, నెత్తి రాయి. సముద్రం గాలి ఒక్కపారి గుంజిందంటె అయిపాయె."

"నాలుగు బోల్టులు ఎక్కువెయ్యండి, ఏం కాదు."

"బోల్టు పట్టుకునేది గా పెంకునే గద సార్?"

"మీరు మరీ భయపడతారండీ. చక్రవర్తిని తీసుకొచ్చి మెట్ల కాడ వాచ్‌మన్‌లా నిలబెడతామా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చారన్న "నేనైతె ఎక్కియ్య" అని చెప్పి వర్క్‌షాపుకు వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున మూర్తిగారు క్రేన్ తెప్పించి, "మస్తానూ, నువ్వు ఉండి చూసుకోవయ్యా" అన్నాడు. నేను కింద నిలబడి "కొంచెం ఎడమకు, ఇంకొంచెం" అంటూ చెయ్యి ఊపాను. పైకెత్తిన పాపంలో నా వాటా అంత.

నాలుగో రోజు మధ్యాహ్నం దుమ్ముగాలి లేచింది. కింద ఎవరూ లేకపోవడం దేవుడి దయ. ఒళ్ళు మెట్లమీద పడి గుడ్డు పగిలినట్టు పగిలింది. తల మాత్రం దొర్లుకుంటూ వెళ్ళి ఇసుకలో ఆగింది. ముక్కు కొస ఒక్కటే పోయింది. "పాత రోమన్ తలలకన్నిటికీ ముక్కుండదు, ఇప్పుడే అసలైనదయింది" అన్నాను. ఎవరూ నవ్వలేదు. చారన్న దాన్ని ఎత్తుకుని, చంటిబిడ్డను తుడిచినట్టు చొక్కా కొసతో తుడిచాడు.

నేను చదివిన కాగితం

రెండురోజుల తర్వాత మూర్తిగారు మా ఇద్దరినీ గదికి పిలిచాడు. హాలు యజమానికి పంపాల్సిన రిపోర్టు, ఒక పేజీ, అంతా అరబ్బీ. ఫోర్‌మన్‌గా చారన్న సంతకం కావాలి, సాక్షిగా నాది.

చారన్న కాగితాన్ని నా వైపు జరిపాడు. "సదువు మస్తానూ."

నేను చదివాను. రాగం తియ్యకుండా, ఆఫీసు గొంతుతో, ఒక్క అక్షరం వదలకుండా చదివాను. మధ్యలో 'హవా' అన్న మాట తగిలింది. ఉర్దూలోనూ అదే మాట కనుక గట్టిగా పట్టుకున్నాను. ఆ పక్కనే చారన్న పేరు. అంతే, నాకు తెలిసిన రెండు మెట్ల మీద కాలుపెట్టి మేడ ఎక్కేశాను.

"ఏమున్నది?"

"గాలికి పడిపోయిందని రాసినారన్నా. నువ్వు ఫోర్‌మన్ అని నీ పేరు ఏసినారు."

మూర్తిగారు నా ముఖంలోకి చూశాడు. ఆయనకు అరబ్బీ అక్షరం కూడా రాదు. కానీ ఇంగ్లీషులో చెప్పి రాయించినవాడు ఆయనే, కాబట్టి అందులో ఏముందో ఆయనకు తెలుసు. నేను చెప్పింది అది కాదనీ తెలుసు. "మస్తాన్ చదివాక ఇంకేముంది చారిగారూ, పెట్టెయ్యండి" అన్నాడు.

చారన్న నా మాట మీద సంతకం పెట్టాడు. కింద నేనూ పెట్టాను, అరబ్బీలో, వంపులు తిప్పి, అందంగా.

వారం తర్వాత మధ్యాహ్నం భోజనాల వేళ చారన్నకు జిజాన్ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడి పెట్టేసి నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. అన్నం గిన్నె మూత తియ్యలేదు.

"వద్దంటుండ్రు. నా మీద రిపోర్టు ఉన్నదట. మనం సంతకం పెట్టినమే, గదే."

తన ఫోన్ నా చేతికిచ్చాడు. మా కంపెనీ ఇచ్చిందంటూ జిజాన్ వాళ్ళు పంపిన ఆ కాగితం ఫోటోను ఫోన్ తెలుగులోకి మార్చి చూపిస్తోంది. వంకర తెలుగే అయినా అర్థం వంకర లేదు. గాలి ఎక్కువ ఉంటుందని తెలిసీ, మేనేజరు వద్దన్నా వినకుండా, ఫోర్‌మన్ నర్సింహాచారి తన ఇష్టప్రకారం విగ్రహాన్ని పైన పెట్టించాడు. తప్పు తనదేనని ఒప్పుకుంటున్నాడు.

"నువ్వు సదివినవ్ గద?" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాను.

"చదివినానన్నా. అర్థం కాలా."

"అంటే?"

"నాకు అరబ్బీ అర్థం కాదన్నా. ఎప్పుడూ కాలా. అక్షరాలొస్తాయి, అంతే."

నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "మరి ఇన్నేండ్ల సంది మాకు చెప్పినయన్ని?"

"ఊహించి చెప్తాంటి."

ఆయన గిన్నె మూత తీశాడు, మళ్ళీ పెట్టేశాడు. "మంచిగనే ఊహించినవ్‌రా ఇన్నేండ్లు" అన్నాడు. తిట్టినా ఇంత తగిలేది కాదు.

ముదీర్ గదిలో

ఆ సాయంత్రమే మూర్తిగారి దగ్గరకు వెళ్ళాను. నాకు అర్థం కాకుండా సాక్షి సంతకం పెట్టానని, ఆ మాట యజమానికి రాసిస్తానని చెప్పాను. ఆయన లేచి తలుపు వేశాడు.

"కూర్చో మస్తానూ. టీ తాగుతావా? చూడు, నువ్వు చదివావు, చారిగారికి చెప్పావు, సంతకం పెట్టావు. ఇప్పుడొచ్చి అబద్ధపు సాక్ష్యం అంటే పట్టుకునేది ఎవర్నయ్యా? నిన్నే. ఆయనెలాగూ పెద్దాయన, ఇవ్వాళో రేపో ఇంటికెళ్ళేవాడు. నీకెందుకు చెప్పు."

"బొమ్మ పైన పెట్టించింది మీరు కదా సార్."

"క్రేన్ కింద నిలబడి చెయ్యి ఊపింది ఎవరు?"

టీ వచ్చింది. తాగాను. ఈ మాట రాయడానికి నాకు అన్నిటికన్నా ఎక్కువ కష్టమైంది. చల్లారేదాకా కూర్చుని, మొత్తం తాగి, లేచి వచ్చేశాను. ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, పోతుందన్న భయం గుడి స్తంభాలకన్నా బలంగా నన్ను నిలబెట్టింది, అది కూడా నోరు మూసి నిలబెట్టింది.

కంపెనీ చారన్నకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టింది, అంటే పని తీసేసి ఇంటికి పంపేసింది. దమ్మామ్ విమానాశ్రయానికి నేనే తీసుకెళ్ళాను. బొమ్మల పుస్తకం నాకిచ్చేశాడు. "ఆకులు జెర జూసి వంచు" అన్నాడు. వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు, లేదా చూసే సమయానికి నేను తల దించుకుని ఉన్నాను.

తమ్ముళ్ళూ, ఈ పనిలో చెయ్యి నరాలు పోతాయి, ఊపిరితిత్తులు పోతాయి. మాస్కు పెట్టుకోండి, గుడ్డ కట్టుకుంటే చాలదు. ఎత్తు మీద బరువు పెట్టమంటే ఎవరు చెప్పినా పెట్టకండి, నవ్వితే నవ్వనివ్వండి. పది మంది మీ వైపు చూస్తున్నప్పుడు "నాకు తెలియదు" అనడం నేర్చుకోండి. చెక్కడం ఆరేళ్ళలో వస్తుంది. ఈ ముక్క నాకు ఇరవై ఎనిమిదేళ్ళకూ రాలేదు. ఇవన్నీ చెప్తే మీరు మారతారన్న నమ్మకం నాకేం లేదు. నాకూ చెప్పినవాళ్ళున్నారు.

చివరి పని

నేను పని మానెయ్యడానికి రెండు నెలల ముందు మూర్తిగారిని యాన్బు బ్రాంచికి పెద్దగా వేశారు. వెళ్ళేముందు నన్ను పిలిచి, కొత్త ఆఫీసులో కుర్చీ వెనక పెట్టుకోవడానికి తన తల చెక్కమన్నాడు.

"చక్రవర్తిలా ఉండాలి, కానీ నాలాగా ఉండాలయ్యా."

"రాయి రావడానికి మూడు వారాలు పడుతుంది సార్."

"పది రోజుల్లో వెళ్ళిపోతున్నాను. స్టోర్లో ఆ పడిపోయిన తల ఉందిగా, దాన్నే సర్దెయ్."

స్టోర్‌కు వెళ్ళి తల మీద గోనెపట్టా తీశాను. చారన్న నెలన్నర ఊపిరి అందులో ఉంది. వద్దందామనుకున్నాను. ఆ రాత్రి ఆయన పుస్తకం తిరగేస్తుంటే, రోమన్లు కూడా ఇదే పని చేసేవారని ఒక బొమ్మ కింద కనబడింది. గద్దె దిగిన చక్రవర్తి తలను పారేయకుండా, దాన్నే కొత్త చక్రవర్తిగా తిరిగి చెక్కేవారట. రాయిలోంచి తీయగలం గానీ రాయికి కలపలేం కనుక కొత్త ముఖం పాతదానికన్నా చిన్నదవుతుంది. చెవుల దగ్గరకు వచ్చేసరికి చాలామంది ఉలి ఆపేసేవారట. అందుకే అలాంటి తలల్లో పాతవాడి చెవులు కొత్తవాడికి పెద్దవై మిగిలిపోతాయి.

నాకు గుర్తొచ్చింది. యజమాని తెచ్చిన ఫోటోలో చక్రవర్తి చెవులు జుట్టులో దాగిపోయాయి. చారన్న అద్దం పెట్టుకుని తన చెవులే చెక్కాడు. వెడల్పు చెవులు, చిన్నప్పుడు పోగులు కుట్టించిన గుర్తుగా తమ్మెల్లో చిన్న చుక్కలతో సహా.

మర్నాడు మొదలుపెట్టాను. నలిపేయకుండా ఉంచబోతున్న నా మొదటి ముఖం అది. పోయిన ముక్కు వరకు అంతా లోపలికి తీశాను. బుగ్గలు తీశాను, నుదురు తగ్గించాను, మూర్తిగారి నవ్వు పెట్టాను. చెవుల దగ్గరకు వచ్చి ఉలి కింద పెట్టేశాను.

ఆయన వచ్చి చూసి మురిసిపోయాడు. "ముఖం అచ్చు నేనే. చెవులు కాస్త పెద్దవయ్యాయేమో కదయ్యా?"

"చక్రవర్తి లక్షణం సార్. అన్నీ వినాలి కదా."

"నిజమేలే" అని చేత్తో తమ్మెలు నిమిరాడు.

యాన్బు ఆఫీసు గోడముందు, ఆయన కుర్చీ వెనక, తలను పెట్టుకుని తీసిన ఫోటో అందరికీ పంపాడు. నేను దాన్ని కరీంనగర్ పంపాను, ఒక్క మాట రాయకుండా. జిజాన్ పని వేరేవాళ్ళకు ఇచ్చేశారు. చారన్న ఇంట్లోనే ఉన్నాడు, దగ్గు ఎక్కువైంది, ఆయన చేత్తో చెక్కిన ఆ ఒక్క ముఖాన్నీ నేనే చెరిపేశాను. ఇవేవీ ఆ ఫోటోతో మారవు. సాయంత్రం చారన్న గొంతు రికార్డు చేసి పంపాడు. మొదట చాలాసేపు దగ్గు. దగ్గులోనే నవ్వు.

"చెవులు ముట్టలే నువ్వు. గా గదిల ఇగ ఆయనెన్ని అబద్ధాలు రాయిచ్చినా ముందుగాల నాకే ఇనవడ్తది."